అందరూ రాగలిగే థెరపీ గది: సొంత ప్రాక్టీస్ పెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

నా మొదటి గదికి పదిహేడు మెట్లు. కిరాయి తక్కువ, గాలీ వెలుతురూ బాగున్నాయి, కింద మెడికల్ షాపు ఉంది కాబట్టి దారి చెప్పడం సులువు. బోర్డు పెట్టిన మూడో వారంలో ఒకాయన ఫోన్ చేశారు. ఫీజు అడగలేదు, నా చదువూ అడగలేదు. "లిఫ్ట్ ఉందామ్మా?" అన్నారు. లేదండీ అన్నాను. "సరేనమ్మా" అని పెట్టేశారు. ఆయనకి మోకాళ్ల నొప్పులో, పోలియోనో, చక్రాల కుర్చీయో నాకు తెలీదు. బోర్డు కింద "అందరికీ స్వాగతం" అని రాయించుకున్నదాన్ని, ఆ సాయంత్రం దిగుతూ మెట్లు లెక్కపెట్టాను.

గదిలోకి వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలో మనకి రెండేళ్లు నేర్పుతారు. గది దాకా రాలేకపోయినవాళ్ల గురించి ఒక్క పేపరూ ఉండదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సమస్యని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఆ అందనివాళ్లలో కొందరైనా మన మెట్ల దగ్గరో, మన ఫారం దగ్గరో, మన ఫీజు దగ్గరో ఆగిపోయినవాళ్లే.

సైకాలజీలో పీజీ చేసి, కొన్నేళ్లు ఆసుపత్రిలోనో స్వచ్ఛంద సంస్థలోనో పనిచేసి, ఇక సొంతంగా పెట్టుకుందాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా అనుభవం హైదరాబాద్‌ది. విజయవాడకో వరంగల్‌కో వెళ్తే అద్దెలు మారతాయి, మిగతాది పెద్దగా మారదు.

1. ముందు మీ పేరు పక్కన ఏం రాసుకోవచ్చో తేల్చుకోండి

"క్లినికల్ సైకాలజిస్ట్" అనే మాట అందరిదీ కాదు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చేసి, కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్లే అలా ప్రాక్టీస్ చేయాలి. లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీ చేసినవాళ్లు "కౌన్సెలింగ్ సైకాలజిస్ట్", "కౌన్సెలర్" అని రాసుకుంటున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కౌన్సెలర్లనీ, ఆర్‌సీఐ పరిధిలోకి రాని సైకాలజిస్టులనీ తన జాబితాలో చేర్చింది. కాబట్టి రిజిస్ట్రేషన్ ఎంతవరకు వచ్చిందో ఏడాదికోసారి చూసుకుంటూ ఉండండి.

మన దగ్గర తెల్ల గోడల గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, "డాక్టర్ గారూ" అంటారు. వినడానికి బాగుంటుంది, కానీ మొదటి రోజే సరిచేయండి. నేనైతే "నేను మందులు రాయనండీ, మాట్లాడతాను. మందులు కావాలంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తాను" అంటాను. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు. పెద్దగా చదువుకోని క్లయింట్, తన ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకుండా ఒప్పుకుంటే అది ఒప్పుకోలు కాదు.

2. గది

ఇక్కడ తొందరపడకండి. ఫారం తప్పుగా రాస్తే రేపు మార్చుకోవచ్చు. గది తప్పుగా తీసుకుంటే పదకొండు నెలల అగ్రిమెంటు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కింద అంతా పార్కింగే కాబట్టి ఆఫీసు గదులు మొదటి అంతస్తు నుంచే మొదలవుతాయి. "లిఫ్ట్ ఉంది" అని ఓనర్ అంటే నమ్మేసి రాకండి. లిఫ్ట్ దగ్గరికి వెళ్లడానికి ముందు మూడు మెట్లు ఉంటాయి చాలా చోట్ల. టేపు పట్టుకుని వెళ్లండి. ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆరంగుళాల మెట్టు ఒక్కటే ఉంటే ఆరడుగుల ర్యాంపు పడుతుంది. దానికి చోటు లేక నిలువుగా చెక్క వేసి "ర్యాంపు ఉంది" అంటారే, అలాంటిదాని మీద చక్రాల కుర్చీ ఎక్కించాలంటే వెనక ఇద్దరు మనుషులు కావాలి. తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడడుగులు. ముందు గది తలుపు సరిపోతుంది, చిక్కంతా బాత్రూందే. మన ఇళ్లలో అది రెండున్నర అడుగులే ఉంటుంది. ఓనర్ ఒప్పుకుంటే ఆ తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి, లోపల గోడకి ఒక పట్టుకునే కమ్మీ వేయించండి. ఇవేవీ కుదరని గదే దొరికిందా? అప్పుడు నిజం చెప్పండి. మ్యాప్‌లో, కార్డు మీద "మొదటి అంతస్తు, 17 మెట్లు, లిఫ్ట్ లేదు" అని రాయండి. ఆటోకి డబ్బులు పెట్టుకుని వచ్చి కింద నిలబడిపోవడం కంటే అది నయం. వాళ్ల కోసం ఆన్‌లైన్‌లోనో, ఇంటికి వెళ్లో చూడగలరా అన్నది కూడా అక్కడే రాయండి.

శబ్దం సంగతి. ప్లైవుడ్ పార్టిషన్ గదులు థెరపీకి పనికిరావు. పరీక్ష చాలా తేలిక. మీరు లోపల కూర్చుని మామూలు గొంతుతో పేపర్ చదవండి, స్నేహితుణ్ణి బయట కుర్చీలో కూర్చోబెట్టండి. ఒక్క వాక్యం అర్థమైనా ఆ గది వద్దు, లేదా తలుపు కింద సందు మూసి, బయట ఫ్యాన్ పెట్టి మళ్లీ పరీక్షించండి. గుంటూరు, కరీంనగర్ లాంటి ఊళ్లలో అయితే క్లయింటుకీ క్లయింటుకీ మధ్య పావుగంట ఖాళీ ఉంచండి. వెయిటింగ్ రూంలో మేనత్త కొడుకు ఎదురుపడితే ఆ అమ్మాయి మళ్లీ రాదు.

లైట్లు, వాసనలు కూడా చూసుకోండి. కొట్టుకునే ట్యూబ్‌లైటూ, ఘాటు అగరొత్తూ ఆటిజం ఉన్న మనిషిని ఆ గంటంతా హింసపెడతాయి. "లైట్ తగ్గించమంటారా? ఫ్యాన్ చప్పుడు ఫరవాలేదా? ఎదురుగా కూర్చోవాలా, పక్కనా?" ఈ మూడూ నేను అందర్నీ అడుగుతాను. ఏ సమస్యా లేనివాళ్లు కూడా లైట్ తగ్గించమంటారు.

గోడ మీద దేవుడి పటం గురించి నాకూ నా స్నేహితులకీ ఇప్పటికీ పడదు. "మనసుకి ప్రశాంతంగా ఉంటుంది కదా" అంటారు. మీ మనసుకి. ఎదుటి కుర్చీలో కూర్చునేది ముస్లిం కావచ్చు, క్రైస్తవులు కావచ్చు, గుడిలోకి రానివ్వని వాడలో పెరిగినవాళ్లు కావచ్చు. వాళ్లు పటం చూసి ఏమీ అనరు, కానీ ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో అక్కడే తూకం వేసుకుంటారు. పటాలు ఇంట్లో పెట్టుకోండి.

ఇక ఓనర్లు. మూడిళ్లు చూశాక నాకు ఒక మాట అలవాటైపోయింది: "కౌన్సెలింగా? అంటే ఎర్రగడ్డ టైపా?" ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరుని మన ఊరు తిట్టుగా వాడుకుంటుంది. విశాఖలో చినవాల్తేరుకీ అదే గతి. ఒక ఓనర్ అన్నిటికీ సరేనని, అడ్వాన్స్ తీసుకునే ముందు "వాళ్లు మాత్రం రాకూడదమ్మా, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఉంటారే" అన్నారు. ఆ గది వదులుకున్నాను. అప్పటి నుంచి అగ్రిమెంటులో రెండు వాక్యాలు రాయిస్తాను. ఒకటి, గది దేనికి వాడతానో స్పష్టంగా. రెండు, వచ్చేవాళ్ల కులం, మతం, జెండర్, ఆరోగ్యం కారణంగా ఓనర్ అభ్యంతరం పెట్టరని. కోర్టులో ఎంత నిలుస్తుందో పక్కన పెట్టండి. సంతకం దగ్గర వాళ్ల మొహం చూస్తే మనకి కావాల్సిన సమాధానం దొరికిపోతుంది.

3. కాగితాల పని

ఇది చెప్పినంత కష్టం కాదు. పాన్, ప్రాక్టీస్ పేరు మీద కరెంట్ అకౌంట్, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, పూర్తిగా ఉచితం, డబ్బులు అడిగే వెబ్‌సైట్‌ని నమ్మకండి), మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, వృత్తి పన్ను. ఈ పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటదు. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ సేవ ఆరోగ్య సేవల మినహాయింపులోకి వస్తుందా రాదా అన్నది మాత్రం మీ అర్హతని బట్టి ఉంటుంది, ఆడిటర్ని అడగండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో "మానసిక ఆరోగ్య సంస్థ"గా నమోదు కావాల్సింది మనుషుల్ని చేర్చుకుని ఉంచే చోట్లు. గంట మాట్లాడి పంపించే గది ఆ కిందకి రాదు. సైకియాట్రిస్ట్‌ని కూడా కూర్చోబెట్టి క్లినిక్‌గా నడపాలంటే నియమాలు వేరు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి ఆఫీసులో కనుక్కున్నాకే బోర్డు రాయించండి. వృత్తిపరమైన ఇన్సూరెన్స్ తీసుకోండి. మొదటి ఏడాది నేను తీసుకోలేదు, ఏమీ కాలేదు, అయినా అది తెలివైన పని కాదు.

4. ఫీజు

ఇన్‌క్లూజివ్ అనగానే చాలామంది ఉచితం అనుకుంటారు. ఉచితంగా మొదలుపెట్టినవాళ్లు ఏడాదిన్నరలో మూసేయడం చూశాను. అప్పుడు కష్టపడేది ఆ ఉచిత క్లయింట్లే. గది బతకాలి, మీరూ బతకాలి. అందుకే ముందు లెక్క.

ఉదాహరణకి అద్దె 18,000, కరెంటు, ఇంటర్నెట్, నీళ్లు 3,000, నెలకి రెండు సూపర్విజన్లకి (మనకంటే అనుభవం ఉన్నవాళ్లకి మన పని చూపించి సలహా తీసుకోవడం) 4,000, ఇన్సూరెన్స్, ట్రైనింగ్ కింద 3,000, మీ ఇంటికి 50,000 అనుకుందాం. మొత్తం 78,000. ఒళ్లూ మనసూ చెడకుండా వారానికి 16 సెషన్లు చేయగలరనుకుంటే నెలకి 64. సగటున ఒక్కోదానికి సుమారు 1,220 రావాలి. ఇప్పుడు ఆ 16 సీట్లని విడగొట్టండి. పది సీట్లు 1,600 చొప్పున, నాలుగు 900 చొప్పున, రెండు 200 చొప్పున. నెలకి 64,000, 14,400, 1,600 కలిపి సరిగ్గా 80,000. పూర్తి ఫీజు ఇచ్చేవాళ్లే ఆ రెండు సీట్లని మోస్తున్నారు. ఈ సంగతి నేను దాచను, ఫీజు కాగితం మీదే రాస్తాను. ఐటీలో పనిచేసే క్లయింట్ ఒకరు అది చదివి తన ఫీజు తనే రెండొందలు పెంచుకున్నారు.

తక్కువ ఫీజు సీటుకి ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు అడక్కండి. మండలాఫీసులో పడే అవమానం చాలు. మూడు రేట్లూ చూపించి "మీకు ఏది వీలవుతుంది?" అని అడిగితే మనుషులు సాధారణంగా నిజమే చెబుతారు. తక్కువ సీట్లు నిండిపోతే "నిండాయి, ఫలానా నెలలో ఖాళీ అవుతుంది" అని చెప్పండి. జాలి పడి మూడోది, నాలుగోది ఇస్తూ పోతే లెక్క కూలిపోతుంది.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదని మర్చిపోకండి. ఇళ్లలో పనిచేసే ఆవిడ పగలు పదకొండింటికి రావాలంటే రెండిళ్ల పని పోతుంది. రెండొందల రూపాయల సీట్లు రెండూ నేను ఆదివారం ఉదయానికీ, పనిరోజు రాత్రి ఏడున్నరకీ మార్చాకే నిండాయి. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేవాళ్లుంటారు, శుక్రవారం మధ్యాహ్నం నమాజు ఉంటుంది, రంజాన్ నెలలో సాయంత్రం ఇఫ్తార్ ఉంటుంది. మీ పండగలకి సెలవు పెట్టుకున్నంత సహజంగా వాళ్లవీ క్యాలెండర్‌లో రాసుకోండి.

డబ్బు తీసుకోవడంలో ఒక చిన్న మెలిక ఉంది. యూపీఐలో మీ పేరు "ఫలానా మెంటల్ హెల్త్ సెంటర్" అని ఉంటే, అది భర్త బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో, నాన్న ఫోన్‌లోనో కనబడుతుంది. ఈ కారణంగా ఒకమ్మాయి నా దగ్గరికి రావడం ఆగిపోయింది. ఏ అర్థమూ ఇవ్వని మామూలు పేరు పెట్టుకోండి. నగదు కూడా తీసుకోండి.

5. ఫారం

మీ ఇన్‌టేక్ ఫారం, అంటే మొదటిసారి వచ్చినవాళ్ల వివరాలు రాయించుకునే కాగితం, తీసి ముందు పెట్టుకోండి. చాలావరకు ఏదో ఆసుపత్రి ఫారం కాపీ అయి ఉంటుంది. దాన్ని గీతలు గీతలుగా కొట్టేద్దాం.

"పూర్తి పేరు (ఇంటిపేరుతో)". ఎందుకు? తెలుగునాట ఇంటిపేరు అడగడమంటే కులం అడగడమే. "మీరేవిట్లు?" అని మొహమాటం లేకుండా అడిగేవాళ్లు కొందరు, "మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ?" అని తిరిగొచ్చేవాళ్లు ఇంకొందరు. దళిత క్లయింట్ ఆ గడి చూడగానే ఆ ప్రశ్నలన్నీ విన్నట్టే. "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అన్న గడి చాలు. రశీదుకి ఆధార్‌లోని పేరు కావాలంటే అది వేరే చోట, విడిగా.

"తండ్రి / భర్త పేరు". తీసేయండి. దాని బదులు: "ఏదైనా అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయమంటారు? మీరిక్కడికి వస్తున్నట్టు వాళ్లకి తెలుసా?" రెండో ప్రశ్న మొదటిదానికంటే ముఖ్యం.

"స్త్రీ / పురుషుడు / ఇతరులు". ఆ "ఇతరులు" అనే మాటలోకి ఎవరూ ఇష్టంగా వెళ్లరు. "జెండర్" అని రాసి పక్కన ఖాళీ గీత వదలండి. రాయాలనుకున్నవాళ్లు రాస్తారు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల గురించిన నల్సా కేసులో 2014లోనే సుప్రీంకోర్టు తన జెండర్ తానే చెప్పుకునే హక్కు మనిషిదని తేల్చింది. మన ఫారం పదేళ్లు ఆలస్యంగా నడవక్కర్లేదు.

ఫోన్ నంబరు. "ఈ ఫోన్ ఎత్తేది మీరేనా? వాట్సాప్ మెసేజ్ పెట్టొచ్చా? పెడితే ఏమని పెట్టాలి?" ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఒక క్లయింట్ "టైలర్ దగ్గర బ్లౌజు రెడీ అని పెట్టండి మేడం" అన్నారు. ఆవిడకి ఏడాది పాటు ప్రతి బుధవారం బ్లౌజు రెడీ అయింది.

చదవలేని, రాయలేనివాళ్లకి ఫారం ఇవ్వనే వద్దు. మీరు అడుగుతూ మీరే రాయండి, రాసింది చదివి వినిపించండి.

6. "మీరు"

ఈ విషయంలో మన భాష మనకి ఇచ్చిన సౌకర్యం చాలామంది గమనించరు. "నేను వచ్చాను", "మీరు వచ్చారు" అన్న మాటల్లో ఆడా మగా తేడా లేదు. హిందీలో ఉంది, మనకి లేదు. తేడా వచ్చేది వాడు, ఆమె, అతను, వచ్చాడు, వచ్చింది అన్నప్పుడే. అక్కడ కూడా "వారు వచ్చారు" అంటే సరిపోతుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఎదురుగా ఉన్నప్పుడు ఏ సర్వనామం వాడాలో అని తడబడేవాళ్లకి తెలుగు దారి చూపిస్తోంది: "గారు", "మీరు", "వచ్చారు". వాళ్లు ఫలానాలా పిలవమంటే అలాగే పిలవండి. అప్పటిదాకా అన్నా, అక్కా అని ఊహించి వరసలు కలపొద్దు. కేసు నోట్సులో కూడా "క్లయింట్ చెప్పారు" అనే రాయండి.

మరో సంగతి చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. మనం ఎవర్ని "మీరు" అంటాం, ఎవర్ని "నువ్వు" అంటాం అన్నది వయసుని బట్టే జరగదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి ఇరవై మూడేళ్లున్నా మీరు. వాచ్‌మన్‌కి యాభై ఏళ్లున్నా "ఏంటయ్యా, నువ్వు...". ఇది గదిలోకి మనతోపాటే వస్తుంది. నా సెషన్ ఒకదాని రికార్డింగ్ (క్లయింట్ అనుమతితోనే) సూపర్వైజర్‌కి వినిపించినప్పుడు ఆవిడ ఆపి, "ఇరవై నిమిషాల్లో ఆవిడని ఆరుసార్లు నువ్వన్నావు, గమనించావా?" అన్నారు. ఆ క్లయింట్ నాకంటే పన్నెండేళ్లు పెద్ద, ఇళ్లలో పని చేసేవారు. పదిహేనేళ్ల పిల్లల్ని మాత్రం అడిగి చూడండి. "నువ్వు అనండి ఆంటీ" అనేవాళ్లే ఎక్కువ.

యాస. నేను గుంటూరు వైపు మనిషిని. మొదటి ఏడాది సిద్దిపేట నుంచి వచ్చిన ఒకాయన "బుగులైతంది మేడం" అన్నారు. నేను నోట్సులో "దిగులు" అని రాసుకున్నాను. మూడు సెషన్లు దిగులు గురించే మాట్లాడాను, ఆయన మర్యాదగా తల ఊపుతూనే ఉన్నారు. బుగులంటే భయం. ఆయనకి ఉన్నవి పానిక్ అటాక్స్. అప్పటి నుంచి ఒక పట్టిక పెట్టుకున్నాను: బుగులు, పరేషాన్, బెంగ, గుబులు, "మనసు మనసులో లేదు", "ఏమీ తోచట్లేదు", "గుండెల్లో మంట", "నరాల బలహీనత", "గాలి సోకింది". ఒక్కోదాని పక్కన ఎవరు ఏ అర్థంలో వాడారో రాసుకుంటాను. నరాల బలహీనత అని వచ్చినవాళ్లకి "అది శరీరానిది కాదు, మనసుది" అని మొదటి రోజే పాఠం చెప్పకండి. ఒంటి నొప్పి గురించి అడుగుతూ వెళ్తే మనసు దాకా వాళ్లే తీసుకెళ్తారు. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లకి దక్కనీ ఉర్దూ కావాలి. అది మీకు రాకపోతే వచ్చినవాళ్ల పేరు మీ దగ్గర ఉండాలి.

చెవుడున్న క్లయింట్ వస్తే తల్లినో చెల్లినో దుబాసీగా కూర్చోబెట్టకండి. ఆ ఇంటి గురించే చెప్పాల్సి ఉంటే ఎలా చెబుతారు? భారతీయ సంజ్ఞా భాష దుబాసీలు దొరుకుతారు. వాళ్లకి ఇచ్చే డబ్బుని ఫీజు లెక్కలో ముందే కలుపుకోండి.

7. ఏది గది దాటదు, ఏది దాటుతుంది

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా అలాంటి నోటీసుని ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంటుంది. తెలుగూ ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. నా పత్రంలో ముఖ్యమైన భాగం ఇంతే:

"మీరు చెప్పింది ఈ గది దాటదు. మీ అమ్మానాన్నలు, భర్త, భార్య, ఆఫీసు అడిగినా చెప్పను. మూడు సందర్భాల్లో మాత్రం చెప్పాల్సి వస్తుంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉన్నప్పుడు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినప్పుడు. కోర్టు ఆదేశించినప్పుడు. అలా చెప్పాల్సి వస్తే వీలైనంతవరకు ముందు మీకే చెబుతాను."

రెండోది గట్టిగా అర్థం చేసుకోండి. పోక్సో చట్టం, 2012, సెక్షన్ 19 కింద తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి చేసిన స్నేహం కూడా చట్టం కళ్లకి నేరంగానే కనబడొచ్చు. అందుకే మైనర్లకి ఈ సంగతి మొదటి పది నిమిషాల్లో, వాళ్లు ఏమీ చెప్పకముందే చెప్పాలి. చెప్పాక "ఇది ముందే ఎందుకు అనలేదు?" అని ఒక పిల్ల అడిగితే మన దగ్గర జవాబుండదు.

ఆత్మహత్య ప్రయత్నం గురించి మాట్లాడటానికి జనం పోలీసు కేసుకి భయపడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట గదిలో చెబితే చాలాసార్లు అసలు కథ అప్పుడు బయటికొస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ని మీ అపాయింట్‌మెంట్ కార్డు వెనక అచ్చు వేయించండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు, మీరు నిద్రపోతున్నప్పుడూ పనిచేస్తుంది.

8. "మావాణ్ణి మార్చండి మేడం"

గది పెట్టిన ఆరు నెలల్లోపు ఈ ఫోన్ వస్తుంది. పెళ్లి సంబంధం చూస్తుంటే అబ్బాయి తనకి అబ్బాయిలే ఇష్టమన్నాడు, లేదా పెద్దమ్మాయి తాను అమ్మాయిని కానంటోంది. తల్లి ఏడుస్తూ ఉంటుంది. "ఎంతైనా పర్లేదు మేడం, మామూలుగా చెయ్యండి చాలు."

ఇక్కడ మీ సమాధానం ముందే సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఆ ఏడుపుకి కరిగిపోయి "ఒకసారి తీసుకురండి చూద్దాం" అనేస్తారు. స్వలింగ ఆకర్షణని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2018లో సుప్రీంకోర్టు అది నేరం కాదంది. ఆ ఆకర్షణని మార్చేస్తామంటూ "మార్పిడి చికిత్స" పేరుతో చేసే పనుల్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఆ ఉత్తర్వు డాక్టర్లకే అయినా, మనకి వేరే నీతి ఉందని ఎవరూ అనలేరు. సమాజం కట్టుబాట్లకి ఒదగకపోవడాన్ని మానసిక జబ్బుకి ఆధారంగా తీసుకోకూడదని 2017 చట్టం సెక్షన్ 3 చెబుతోంది.

ఇవన్నీ తల్లికి ఫోన్లో చదివి వినిపించమని కాదు. నేను ఇలా అంటాను: "అమ్మా, ఇది జబ్బు కాదు కాబట్టి దీనికి మందు లేదు, మార్చే పద్ధతీ లేదు. మార్చుతామన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి, పిల్లాడికి ప్రమాదం. మీకు మాత్రం ఇప్పుడు చాలా కష్టంగా ఉంది కదా? మీరు రండి, మీతో మాట్లాడతాను." సగం మంది పెట్టేస్తారు. మిగతా సగం వస్తారు. అమ్మ ఆరు సెషన్లు కూర్చున్నాక అబ్బాయి తనంతట తానుగా వచ్చిన ఇల్లు ఒకటి నాకు గుర్తుంది. ఆయన వచ్చింది కూడా దీని కోసం కాదు, ఆఫీసులో మేనేజర్ సతాయింపు గురించి.

ఈ విషయంలో చదువు కావాలంటే ముంబైలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ వాళ్లు క్వీర్ (స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు లాంటి) క్లయింట్లతో పనిచేసే కౌన్సెలర్ల కోసం ప్రత్యేకంగా కోర్సు నడుపుతారు. గోడకి ఇంద్రధనస్సు స్టిక్కర్ అంటించే ముందు అలాంటిదేదో ఒకటి చేయండి. స్టిక్కర్ చూసి నమ్మి వచ్చిన మనిషి మన దగ్గర తడబాటు చూస్తే, ఆ దెబ్బ స్టిక్కర్ లేని గదిలో తగిలినదానికంటే పెద్దది.

9. ఎవరి దగ్గరికి పంపాలి

ఒక నోట్‌బుక్ పేజీ చాలు. మర్యాదగా మాట్లాడే సైకియాట్రిస్టులు ఇద్దరు, వాళ్లలో ఒకరైనా ఫీజు తగ్గించేవాళ్లు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ రోజు ఏ ఓపీ. గృహహింసకి 181, పిల్లలకి 1098. మేధో వైకల్యం ఉన్న పిల్లల పరీక్షలకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ. ఒక లాయర్.

మూడు నెలలకోసారి ప్రతి నంబరుకీ మీరే ఫోన్ చేసి చూడండి. హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 మొదట్లో మూతపడింది, తర్వాత వేరే పేరుతో తెరుచుకుంది. పాత జాబితా చేతిలో పెట్టి పంపి ఉంటే, ఎంతో ధైర్యం చేసి వెళ్లిన మనిషి తాళం చూసి వెనక్కి వచ్చేవారు.

10. ఆన్‌లైన్

డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో "తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలి" అని తప్పకుండా అడుగుతారు. డాలర్లు కదా అని వెంటనే ఒప్పుకోకండి. అమెరికాలో థెరపీ లైసెన్సు ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, క్లయింట్ కూర్చున్న చోటి చట్టం వర్తిస్తుంది. పైగా అర్ధరాత్రి అక్కడ ఏదైనా జరిగితే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? దేశంలోపల ఆన్‌లైన్ చేసినా ప్రతిసారీ మొదటి ప్రశ్న "ఇప్పుడు మీరు ఎక్కడున్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నదే. కార్లో కూర్చుని మాట్లాడేవాళ్లు ఎక్కువ. వీడియోకి డేటా లేనివాళ్లకి మామూలు ఫోన్ కాల్ చాలు.

11. మీకూ ఒకరు ఉండాలి

సూపర్విజన్ డబ్బు ఆదా చేసుకునే చోటు కాదు. వీలైతే మీ కులం, మీ మతం, మీ నేపథ్యం కాని ఒకరిని వెతకండి. నన్ను "నువ్వన్నావు" అని ఆపినావిడ దళిత స్త్రీ. నా తోటివాళ్లెవరూ అది విని ఉండేవారు కాదని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. కానీ ఒక హెచ్చరిక: వాళ్ల జీవితం గురించి మీకు ఉచిత పాఠాలు చెప్పడం వాళ్ల పని కాదు. ఫీజు పూర్తిగా ఇవ్వండి.

12. జనానికి తెలియజేయడం

ఇన్‌స్టాగ్రాంలో ఇంగ్లీషు పోస్టులు పెడితే ఇంగ్లీషు చదివేవాళ్లే వస్తారు. నాకు ఎక్కువ మందిని పంపింది ముగ్గురు: కింది మెడికల్ షాపాయన, బస్తీ దవాఖానాలో ఒక నర్సు, ఒక ఆశా కార్యకర్త. వాళ్లకి ఒక పేజీ తెలుగు కాగితం ఇచ్చాను: ఏం చేస్తాను, ఎంత తీసుకుంటాను, ఎన్ని మెట్లు. "డిప్రెషన్" అని రాయలేదు. "నిద్ర పట్టట్లేదా, గుండె దడగా ఉందా, ఎవరితోనూ చెప్పుకోలేనిది ఉందా" అని రాశాను.

13. రానివాళ్ల పుస్తకం

నెలాఖరున లెక్క చూసుకునేటప్పుడు వచ్చినవాళ్ల లెక్కతోపాటు ఇంకో చిన్న పుస్తకం పెట్టుకోండి. ఫోన్ చేసి రానివాళ్లు, ఒకసారి వచ్చి మళ్లీ కనబడనివాళ్లు. పేర్లు వద్దు. తేదీ, అడిగింది ఏమిటి, ఎందుకు కుదరలేదు, మూడే గడులు. "పరిస్థితి మారితే ఫోన్ చేయమంటారా?" అని అడగండి, సరేనంటే నంబరు. నా దాంట్లో "మధ్యాహ్నం వీలుకాదు" అన్నవి పదకొండు వచ్చాక రాత్రి ఏడున్నర స్లాటు పుట్టింది. "మగ కౌన్సెలర్ లేరా?" అన్నవి ఆరు వచ్చాక వారానికి రెండు రోజులు గదిని ఒక సహోద్యోగికి ఇచ్చాను.

ఇప్పటి గది కింది అంతస్తులో, ఒక ఇంటి వెనక భాగం. ఆరడుగుల ర్యాంపు ఉంది. దాన్ని అందరికంటే ఎక్కువగా వాడేది నీళ్ల క్యాన్లు తెచ్చే అబ్బాయి, ఆ తర్వాత పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు, ఆ తర్వాతే చక్రాల కుర్చీలు. గది మారాక పుస్తకంలో "మెట్లు" అని రాసి ఉన్న నాలుగు నంబర్లకీ ఫోన్ చేశాను. ఇద్దరు వచ్చారు. ఆ పుస్తకం మొదలుపెట్టింది మాత్రం రెండో ఏడాదిలో. లిఫ్ట్ ఉందామ్మా అని అడిగినాయన నంబరు అందులో లేదు.